క్యాసెట్టు చివర మిగిలిన ఇరవై నిమిషాలు

నా బీరువాలో బట్టల అడుగున ఒక పాత టీడీకే క్యాసెట్టు ఉంది. తొంభై నిమిషాలది. డబ్బా మూత ఎప్పుడో విరిగిపోయింది, రబ్బరుబ్యాండు వేసి దాచాను. లోపలి అట్ట మీద నీలం బాల్‌పెన్నుతో రాసి ఉంటుంది: డిపెష్ మోడ్, వయొలేటర్. మొదటిది ఒక ఇంగ్లండు బ్యాండు పేరు, రెండోది వాళ్ల ఆల్బమ్ పేరు. ఆ రాత నాది కాదు. 1990 సెప్టెంబరులో లాస్ ఏంజెలెస్‌లో, మా ల్యాబులో నా పక్క బల్ల దగ్గర కూర్చునే కుర్రాడు రాసిచ్చింది. దాని కింద నల్ల సిరాతో, గుండ్రటి తెలుగు అక్షరాల్లో ఇంకో మాట ఉంది. అది మా నాన్న రాత. దాని సంగతి తర్వాత చెప్తాను.

ముందు ఆ ఏడాది మే నెల గురించి చెప్పాలి. మే 9న తుపాను మా ప్రాంతం మీదే ఒడ్డెక్కింది. కృష్ణ సముద్రంలో కలిసే చోటికి మా ఊరు పెద్ద దూరం కాదు. రేపల్లెలో బస్సెక్కితే అరగంట. 1977 ఉప్పెన చూసినవాళ్లు ఆ గాలి చప్పుడు వినగానే పిల్లల్ని ఎత్తుకుని స్కూలు బిల్డింగుకు పరుగెత్తారు. ఈసారి ముందే లక్షలమందిని తరలించారు కాబట్టి ప్రాణాలు చాలావరకు దక్కాయి. ఇళ్లు, పంటలు, గొడ్లు దక్కలేదు. మాది పెంకుటిల్లు. రాత్రి రెండింటికి కప్పు లేచిపోయింది. తెల్లారి మేం తిరిగొచ్చేసరికి అటక మీద పెట్టిన పుస్తకాలూ, ధాన్యం బస్తాలూ, నాన్న హార్మోనియం అన్నీ ఒకే రంగులో, బురద రంగులో ఉన్నాయి.

నాన్న హైస్కూల్లో తెలుగు మాస్టారు. ఎండాకాలం సెలవుల్లోనూ, తిరునాళ్లకూ చుట్టుపక్కల ఊళ్లలో పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవాడు. ఆ వాయింపు చూడనివాళ్లకు చెప్పడం కష్టం. నటుడు పద్యం ఎత్తుకుని రాగం తీస్తుంటే హార్మోనియం అతని వెనకే, ఒక అడుగు ఎడంగా నడవాలి. ముందుకు పోతే పద్యం చెడుతుంది, మరీ వెనకబడితే నటుడు ఒంటరివాడైపోతాడు. జనం వన్స్ మోర్ అంటే నటుడికి గొంతులో సత్తువ ఎంత మిగిలిందో మొదట తెలిసేది హార్మోనియం వాయించేవాడికే. నేను చిన్నప్పుడు స్టేజి పక్కన చాప మీద, నాన్న మోకాలికి ఆనుకుని నిద్రపోయేవాణ్ని. తిత్తి కదిలినప్పుడల్లా వచ్చే గాలి నా నుదుటికి తగిలేది. పాత తోలు వాసన, కొబ్బరినూనె వాసన కలిసిన గాలి అది.

ఆ పెట్టెని నాన్న వాకిట్లో ఎండకు పెట్టాడు. మూడు రోజులకు తిత్తి అట్ట ఉబ్బి విడిపోయింది. వారానికి ఇత్తడి రీడ్లకు చిలుము పట్టింది. ఆయన ఏమీ అనలేదు. పాత దుప్పటి కప్పి పక్కన పెట్టి కప్పు వేయించే పనిలో పడ్డాడు. ఆగస్టులో నేను ఎం.ఎస్‌. చదవడానికి విమానం ఎక్కినప్పుడు కూడా ఆ పెట్టె ఆ దుప్పటి కిందే ఉంది. నా టికెట్టు డబ్బు అప్పు తెచ్చింది. ఆ డబ్బుతో ముందు పెట్టె బాగుచేయించుకోవచ్చుగా అనిపించింది కానీ ఆ మాట పైకి అనే ధైర్యం నాకు లేకపోయింది.

లాస్ ఏంజెలెస్‌లో నలుగురం తెలుగువాళ్లం రెండు గదుల్లో ఉండేవాళ్లం. నాకు యూనివర్సిటీ లైబ్రరీలో పని దొరికింది, రాత్రి పదింటి నుంచి రెండింటి దాకా. తిరిగొచ్చిన పుస్తకాలు బండిలో వేసుకుని అరల్లో సర్దాలి. ఆ టైముకి ఆ అంతస్తులో మనిషి ఉండడు. ఇంటికి ఫోను చేయాలంటే నిమిషానికి డాలర్లు ఖర్చయ్యే రోజులు. అదీ మా ఊళ్లో ఫోను లేదు, రేపల్లెలో తెలిసినవాళ్ల ఇంటికి చేసి, మనవాళ్లని పిలిపించుకోవాలి. కాబట్టి ఏరోగ్రాములే. నీలం కాగితం మీద అంచుల దాకా చిన్న అక్షరాలతో రాసేవాణ్ని. జవాబు రావడానికి నెల పట్టేది. నిశ్శబ్దం అంటే నాకు అప్పట్లో భయం. పుస్తకాల బండి చక్రాలు కిర్రుమంటే ధైర్యంగా ఉండేది.

పక్క బల్ల కుర్రాడు మెక్సికన్ కుటుంబం నుంచి వచ్చినవాడు, ఈస్ట్ ఎల్‌ఏలో పుట్టి పెరిగాడు. ఆ ఊళ్లో అతని ఈడు పిల్లలకు డిపెష్ మోడ్ అంటే మన దగ్గర అభిమాన హీరో ఎంతో అంత. ఎఫ్‌ఎమ్‌లో 106.7, కె-రాక్ స్టేషన్ పెడితే గంటకోసారైనా వాళ్ల పాట వచ్చేది. ఆ మార్చి 20న బ్యాండువాళ్లు లా సియెనెగా బులవార్డులో వేర్‌హౌస్ అనే రికార్డుల షాపుకు వచ్చి సంతకాలు పెడతారని ఆ స్టేషనే ప్రకటించిందట. ఇతను ముందురోజే వెళ్లి ఫుట్‌పాత్ మీద పడుకున్నాడు. వేలమంది వచ్చారు, పదివేలు దాటారని పత్రికలు రాశాయి. గంటన్నరకే పోలీసులు ఆపేశారు. ఇతని వంతు రాలేదు. ఆగస్టు 4, 5 తేదీల్లో డాడ్జర్ స్టేడియంలో రెండు రాత్రులు కచేరీలు జరిగితే రెండింటికీ వెళ్లాడు. నేను ఆ ఊళ్లో దిగింది సరిగ్గా ఆ తర్వాతి వారం. "పది రోజులు ముందు రావాల్సింది నువ్వు" అని నాతో ఎన్నిసార్లన్నాడో లెక్కలేదు. అతనికి నిజంగా బాధ, తన పెళ్లికి నేను రాలేకపోయినంత బాధ.

రాత్రిపని గురించి విన్నాక ఒకరోజు ఈ క్యాసెట్టు తెచ్చి నా చేతిలో పెట్టాడు. అసలు ఆల్బమ్ నలభై ఏడు నిమిషాలు. తొంభై నిమిషాల క్యాసెట్టుకు ఒక వైపు నలభై ఐదే. ఒకే వైపు ఎక్కిస్తే చివరి పాట తోక తెగుతుంది. అందుకని మొదటి ఐదు పాటలు ఏ వైపు, మిగతా నాలుగు బీ వైపు ఎక్కించాడు. అసలు క్యాసెట్టులో ఎలా ఉందో అలాగే. రెండు వైపులా చివర దాదాపు ఇరవై నిమిషాల ఖాళీ మిగిలింది. "ఆ ఖాళీలో ఏమైనా ఎక్కించుకో" అన్నాడు. నేను ఏమీ ఎక్కించలేదు.

ఆ బ్యాండు గురించి తెలిసింది కూడా అతని నోటే. ఇంగ్లండులో ఎసెక్స్ జిల్లాలో బాజిల్డన్ అనే ఊరుంది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత లండన్ జనాన్ని సర్దడానికి కొత్తగా కట్టిన ఊళ్లలో ఒకటి. అక్కడ 1980లో నలుగురు కుర్రాళ్లు సింథసైజర్లు, అంటే కరెంటుతో శబ్దం పుట్టించే కీబోర్డులు పట్టుకుని మొదలుపెట్టారు. గిటార్, డ్రమ్స్ మోసుకుపోవాలంటే వ్యాను కావాలి, కీబోర్డయితే సంకలో పెట్టుకుని రైలెక్కొచ్చు. మొదటి ఆల్బమ్ అవగానే పాటలు రాసే విన్స్ క్లార్క్ వెళ్లిపోయాడు. ఆ బరువు మార్టిన్ గోర్ నెత్తిన పడింది. 1982లో ఆలన్ వైల్డర్ వచ్చి చేరాడు. శాస్త్రీయ పియానో నేర్చినవాడు, స్టూడియోలో గంటల తరబడి ఒక్క శబ్దాన్ని చెక్కుతూ కూర్చునే ఓపిక ఉన్నవాడు. పాడేది డేవ్ గాన్. నాలుగో మనిషి ఆండీ ఫ్లెచర్. స్టేజి మీద అతను చేసేదేమిటని జనం అడుగుతుండేవాళ్లు గానీ, నలుగుర్నీ ఒక చోట కూర్చోబెట్టి ఉంచింది అతనేనని నాకు నమ్మకం. నాటక సమాజాల్లో అలాంటివాణ్ని నేను చూశాను. అతను పోర్షన్ చెప్పడు, పద్యం పాడడు. కానీ అతను రాకపోతే ఆ రాత్రి నాటకం ఉండదు.

వయొలేటర్ వాళ్ల ఏడో ఆల్బమ్. 1989లో ఇటలీలోని మిలాన్‌లో మొదలుపెట్టి, డెన్మార్క్‌లో పల్లెల మధ్య ఉన్న పుక్ స్టూడియోలో ఎక్కువ భాగం చేసి, లండన్‌లో ముగించారు. ప్రొడ్యూసరు పేరు ఫ్లడ్. అంతకుముందు గోర్ పాటని ఇంట్లోనే దాదాపు పూర్తిగా కట్టి తెచ్చేవాడట. ఈసారి వైల్డర్, ఊరికే ఒక వాయిద్యం, గొంతు చాలు, మిగతాది ఇక్కడ చూసుకుందాం అన్నాడు. ఆల్బమ్‌కి ఉన్న విశాలత్వం అంతా ఆ ఒక్క మాటలోంచే వచ్చిందని నేననుకుంటాను. మన నాటకాల్లోనూ అంతే. పద్యం ఎలా పాడాలో ముందే నూరిపోస్తే నటుడు రాత్రి స్టేజి మీద కొత్త సంగతి ఒక్కటీ వెయ్యలేడు.

అట్ట మీద నల్లటి నేపథ్యంలో ఒకే ఒక ఎర్ర గులాబీ. చేసింది ఆంటన్ కోర్బైన్, డచ్చి ఫోటోగ్రాఫరు. నా దగ్గరున్నది కాపీ కాబట్టి ఆ గులాబీని నేను చూసింది మొదట రికార్డుల షాపు అద్దంలోనే.

మొదటి పాట వరల్డ్ ఇన్ మై ఐస్ మొదలవగానే నాకు అర్థమైన విషయం ఒకటుంది. ఇందులో ఏ శబ్దమూ రెండో శబ్దం మీద ఎక్కి కూర్చోదు. అప్పటికి నేను విన్న సినిమా పాటల్లో వయొలిన్లు, తబలా, ఫ్లూటు, కోరస్ అన్నీ కలిసి గది నిండా ఉండేవి. ఇక్కడ కింద ఒక బేస్, పక్కన ఒక చిన్న టకటక, పైన ఎక్కడో ఒక తీగ. మధ్యలో గాన్ గొంతు కిందిస్థాయిలో, అరవకుండా. వాటి మధ్య చోటుంది. పర్సనల్ జీసస్ అప్పటికే పెద్ద హిట్. ఎల్విస్ ప్రెస్లీ మాజీ భార్య ప్రిసిల్లా రాసిన పుస్తకం చదివి, ఒక మనిషి ఇంకో మనిషికి దేవుడైపోవడం గురించి గోర్ రాశాడు. అందులో వినపడే అడుగుల చప్పుడు మిషన్ది కాదు. వాయిద్యాలు మోసే పెద్ద పెట్టెల మీద మనుషులెక్కి గెంతితే రికార్డు చేశారు. అది తెలిశాక నాకు చెక్క స్టేజి మీద భీముడు గద పట్టుకుని నడిచే చప్పుడే వినిపించేది, ఇప్పటికీ అదే.

స్వీటెస్ట్ పర్ఫెక్షన్, బ్లూ డ్రెస్ గోర్ స్వయంగా పాడాడు. నాకు అవి అంత పట్టలేదు. హేలో నచ్చింది. పాలసీ ఆఫ్ ట్రూత్ ఇంకా నచ్చింది. చివరి పాట క్లీన్ వింటూ లైబ్రరీ దీపాలు ఒక్కొక్కటే ఆర్పుకుంటూ రావడం నాకు అలవాటు.

కానీ నేను బతికింది ఏ వైపు చివరి పాటలో. వెయిటింగ్ ఫర్ ద నైట్. ఆరు నిమిషాలు. డ్రమ్ము లేదు. కింద నీళ్లు బుడబుడలాడుతున్నట్టు ఒక వరస తిరుగుతూనే ఉంటుంది. వైల్డర్, ఫ్లడ్ ఆ రోజుల్లో టాంజరీన్ డ్రీమ్ అనే జర్మన్ బృందాన్ని బాగా వింటున్నారు. ఆ గాలి ఈ పాటలో తేవాలని పాత ఆర్ప్ సింథసైజరు, దానితో వచ్చిన సీక్వెన్సరు, అంటే స్వరాల వరసను తనంతట తనే తిప్పి తిప్పి పలికించే పెట్టె, పెట్టి ఆ వరస కట్టారు. పాత మిషన్ కదా, కంప్యూటరులా ప్రతిసారీ ఒకేలా పలకదు. వెంట్రుకవాసి తేడా వస్తుంది. ఆ తేడా వల్లే అది ఊపిరిలా ఉంటుంది. దాని మీద గాన్, గోర్ ఇద్దరూ కలిసి మెల్లగా పాడతారు. పాట అయిపోయాక నా క్యాసెట్టులో ఇరవై నిమిషాల ఖాళీ. ఉత్త టేపు చప్పుడు, సన్నగా, వాన దూరంగా పడుతున్నట్టు. మొదట్లో వెంటనే తిప్పేసేవాణ్ని. తర్వాత్తర్వాత అలాగే వదిలేశాను. ఆ సన్నటి చప్పుడు చెవుల్లో ఉంటే పుస్తకాలు సర్దుకుంటూ మా ఊరి గురించి ఆలోచించుకోవచ్చు, ఏడుపు రాదు. ఆ రాత్రుల్లోనే నిశ్శబ్దం అంటే నా భయం తగ్గింది.

గదిలో మిగతా ముగ్గురికీ ఇది గిట్టేది కాదు. "ఇదేం సంగీతంరా, మిషన్ల చప్పుడు. జీవం ఏదీ?" అనేవాడు ఒకడు. వాడు కర్ణాటక సంగీతం నేర్చినవాడు, మంచి చెవి ఉన్నవాడు. వాడి మాట కొట్టిపారెయ్యలేకపోయేవాణ్ని. ఒక రాత్రి ఏరోగ్రాములో నాన్నకు ఇదే రాశాను, మిషన్ పాటల్లో జీవం ఉంటుందా అని. జవాబు నెల తర్వాత వచ్చింది.

నాన్న రాసింది హార్మోనియం గురించి. అది ఫ్రాన్సులో పుట్టిన వాయిద్యం. అక్కడ కాళ్లతో తొక్కుతూ కుర్చీలో కూర్చుని వాయించేవాళ్లు. కలకత్తాలో దాన్ని నేల మీద కూర్చుని, ఒక చేత్తో తిత్తి కొడుతూ వాయించేలా మార్చారు. మెట్టుకూ మెట్టుకూ మధ్య జారుడు లేదు, గమకం పలకదు, మన రాగాలకు పనికిరాదు అని పెద్ద పెద్దవాళ్లు దాన్ని తిట్టారు. 1940లో ఆకాశవాణి ఆ వాయిద్యాన్ని నిషేధిస్తే 1971 దాకా ఆ నిషేధం తీయలేదు. ముప్ఫయ్యేళ్లు. ఇదంతా రాసి చివర్న రెండు వాక్యాలు: "నా పెట్టెను కూడా ప్రాణం లేని పెట్టె అనే అన్నారు నాన్నా. నువ్వు ఆ క్యాసెట్టు తెచ్చినప్పుడు విని చెప్తా." ఆ ఉత్తరం నాలుగు మడతల్లోనూ చిరిగిపోయింది. అయినా దాచుకున్నాను.

ఆయన విన్నది 1993 డిసెంబరులో. చదువు అయి, ఉద్యోగంలో చేరి, మూడేళ్ల నాలుగు నెలలకు ఇంటికొచ్చాను. కప్పు కొత్తది, సిమెంటు రేకులు. హార్మోనియం మీద దుప్పటి లేదు. తెనాలి తీసుకెళ్లి బాగుచేయించాడు. కొత్త తోలు, గుజరాత్‌లో పాలిటానా నుంచి వచ్చే కొత్త రీడ్లు. నేను పంపిన డబ్బులో మొదటిసారి తన కోసం ఖర్చుపెట్టుకున్నది అదేనని అమ్మ చెప్పింది.

భోజనాలయ్యాక వరండాలో పడక్కుర్చీలో కూర్చోబెట్టి వాక్‌మన్ చెవులకు పెట్టాను. ఏ వైపు మొత్తం కదలకుండా విన్నాడు. తిప్పి బీ వైపు పెట్టాను. మొదటి పాట ఎంజాయ్ ద సైలెన్స్. ఆ పాట గిటార్ వరస రాగానే కుడిచేతి వేళ్లు కుర్చీ చేతి మీద కదలడం చూశాను. పాట అయ్యాక వెనక్కి తిప్పమన్నాడు. మళ్లీ విన్నాడు. మూడోసారి లేచి లోపలికెళ్లి హార్మోనియం తెచ్చాడు.

"స్వరాలు నఠభైరవికి దగ్గరగా ఉన్నాయిరా. కానీ చరణం ఎత్తుకోగానే ఒక ప్రతిమధ్యమం తొంగిచూసి వెళ్లిపోతోంది. అది అక్కడిది కాదు. అదే బాగుంది" అన్నాడు.

నఠభైరవి రాగంలో ఉండేది శుద్ధమధ్యమం. ప్రతిమధ్యమం దానికి పై మెట్టు, ఆ రాగానికి బయటిది. నాన్నది ఎంత సరైన మాటో నాకు తెలియడానికి ఇంకా ఏళ్లు పట్టింది. పాశ్చాత్య సంగీతంలో కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి పలికిస్తే దాన్ని కార్డు అంటారు. ఆ పాట సి మైనరులో నడుస్తుంది, రెండో కార్డుగా ఎవరూ ఊహించని ఇ ఫ్లాట్ మైనరు వస్తుంది. దాంట్లోని ఒక స్వరం సరిగ్గా ప్రతిమధ్యమమే. కార్డు అంటే ఏమిటో నేర్వని మనిషి ఒక్క రాత్రిలో దాన్ని పట్టుకున్నాడు.

"ఆ అబ్బాయి ఎక్కడా గొంతు పెంచడేంట్రా? అన్నీ చెవి దగ్గర చెప్పినట్టే చెప్తాడు" అన్నాడు ఇంకాసేపటికి. కచేరీల్లో అరవైవేలమంది ముందు పాడతాడని చెప్తే నమ్మలేదు. 1988లో పాసడీనా రోజ్‌బౌల్ స్టేడియంలో జరిగింది అదే కదా.

"ఆ మొదటి వైపు చివరి పాట ఉంది చూడు," అన్నాడు, "పద్యానికి ముందు నేను శ్రుతి వదిలి ఊరుకుంటానే, నటుడు గుక్క పట్టుకునే దాకా. అలా ఉంది. వాడెప్పుడు ఎత్తుకుంటాడా అని చూస్తా ఉన్నా. ఎత్తుకోకుండానే అయిపోయింది." కాసేపాగి, "ఆ తర్వాత ఖాళీ ఎందుకుంచావు?" అని అడిగాడు.

ఏదైనా ఎక్కించుకోమని స్నేహితుడు వదిలాడని చెప్పాను.

జనవరి 2వ తేదీ, ఆదివారం. మా ఇంట్లో పాత టూ ఇన్ వన్ ఉండేది. దాన్ని బల్ల మీద పెట్టి, వెయిటింగ్ ఫర్ ద నైట్ అయిపోయే దాకా తిప్పి, రికార్డు మీట నొక్కాను. చేతులు వణికాయి. పాట చెరిగిపోతుందేమోనని ఒకటి, ఆయన వాయించేది చెడగొడతానేమోనని ఒకటి. నాన్న ముందు ఎంజాయ్ ద సైలెన్స్ వరస ఎత్తుకున్నాడు. వేగం తీసేశాడు. ఒక్కో స్వరం మీద ఆగి, తిత్తిని నెమ్మదిగా ఒత్తుతూ, అదేదో కాటిసీనులో పద్యం అయినట్టు సాగదీశాడు. తర్వాత దాంట్లోంచే ఆలాపనలోకి వెళ్లిపోయాడు. పన్నెండు నిమిషాలు వాయించాడు. అయ్యాక క్యాసెట్టు అట్ట తీసుకుని, నల్ల సిరా పెన్నుతో ఒక మాట రాశాడు: నఠభైరవి? ఆ ప్రశ్నగుర్తు కూడా ఆయన పెట్టిందే. పక్కన తేదీ.

నాన్న 2004లో పోయాడు. నిద్రలోనే. నేను చేరేసరికి అన్నీ అయిపోయాయి.

ఇంకో నాలుగేళ్లకు, ఒక రాత్రి ఇంటర్నెట్‌లో ఏదో వెతుకుతుంటే ఎంజాయ్ ద సైలెన్స్ హార్మోనియం రూపం కనపడింది. ఆ పేరు చూసి పొరపాటేమో అనుకున్నాను. పొరపాటు కాదు. గోర్ ఆ పాటను మొదట కట్టింది హార్మోనియం మీదే. నెమ్మదైన పాట, ఒక వాయిద్యం, తన గొంతు. స్టూడియోకి తెచ్చింది అదే. వైల్డర్ దాన్ని విని, వేగంగా నడిపిస్తే పెద్ద పాట అవుతుందన్నాడు. గోర్‌కు మనసొప్పలేదు. మౌనం గురించి రాసిన పాటకు ఆ పరుగు దేనికని అతని బాధ. చివరకు సరేనన్నాడు. వైల్డర్, ఫ్లడ్ కూర్చుని చట్రం బిగించాక, గోర్‌ని గిటార్ మీద ఒక వరస వాయించమన్నారు. మా నాన్న వేళ్లు కదిలింది ఆ వరసకే. ఆ పాట అమెరికాలో ఎనిమిదో స్థానం దాకా వెళ్లింది, 1991లో ఇంగ్లండులో ఏడాది మేటి సింగిల్‌గా బ్రిట్ అవార్డు తెచ్చుకుంది. గోర్ తన గొంతుతో పాడిన హార్మోనియం రూపాన్ని కూడా సింగిల్‌తో పాటు 1990లోనే బయటికి ఇచ్చారు. నేను లైబ్రరీలో బండి తోస్తున్న రోజుల్లోనే అది ఏ షాపు అరలోనో ఉండి ఉంటుంది.

విన్నాను. వాళ్లది మన చేతిపెట్టె కాదు, ఐరోపా వాయిద్యం. అయినా లోపలున్నది అవే ఇత్తడి నాలుకలు, వాటి మీదుగా పోయేది అదే గాలి. పాట ఎంత నెమ్మదిగా ఉందంటే, నాన్న ఎక్కడెక్కడ ఆగాడో దాదాపు అక్కడే ఆగుతోంది. ఆ రోజు నాన్న వేగం తీసేసినప్పుడు పాటను తనవైపు లాక్కుంటున్నాడనుకున్నాను. ఆయన దాన్ని పుట్టింటికి తీసుకెళ్తున్నాడని అప్పుడు తెలియలేదు. ఫోను తీసి ఎవరికైనా చెప్పాలనిపించింది. చెప్పాల్సిన మనిషి లేడు. అమ్మకు చేశాను. అంతా విని, "మీ నాన్నకు చెప్పకుండానే తెలిసేవిరా కొన్ని" అంది.

ఫ్లెచర్ 2022 మే 26న పోయాడు, అరవై ఏళ్లకే. మరుసటేడు డిసెంబరులో గాన్, గోర్ లాస్ ఏంజెలెస్ డౌన్‌టౌన్‌లో కచేరీ చేస్తుంటే వెళ్లాను. పక్కన ఆ పాత స్నేహితుడు, ఇప్పుడు తాతయ్యాడు. "పది రోజులు ముందు రావాల్సింది" అన్న మనిషి ముప్ఫయ్యేళ్ల తర్వాత నాకు టికెట్టు తనే కొన్నాడు. వరల్డ్ ఇన్ మై ఐస్ ఫ్లెచర్ కోసం పాడారు, వెనక తెర మీద అతని ముఖం. చివర్లో ఇద్దరే నడుచుకుంటూ జనం మధ్యదాకా వచ్చిన సన్నటి వేదిక అంచున నిలబడి వెయిటింగ్ ఫర్ ద నైట్ అందుకున్నారు. ఇద్దరికీ అరవయ్యేళ్లు దాటాయి. ఒకరి వెనక ఒకరు, ఒక అడుగు ఎడంగా పాడారు. అయిపోయాక ఒకర్నొకరు గట్టిగా పట్టుకున్నారు. నా స్నేహితుడు ఏడ్చాడు. నేను మాత్రం పాట తర్వాత టేపు చప్పుడు వస్తుందని ఎదురుచూస్తున్నాను, చప్పట్లొచ్చాయి.

ఇంటికొచ్చి క్యాసెట్టు తీశాను. మా అమ్మాయి పాత డెక్ ఒకటి సంపాదించి కంప్యూటరుకు తగిలించింది. టేపు సాగిందేమోనని భయపడ్డాను. సాగలేదు. ఆ బుడబుడల వరస మెల్లగా సన్నగిల్లి ఆగింది. తర్వాత వాన చప్పుడు, ఐదారు సెకన్లు. టక్కుమని మీట నొక్కిన శబ్దం. ఎక్కడో కోడి కూత. తిత్తి తెరుచుకుంటూ గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు. అమ్మాయి నా వైపు చూసింది. అప్పుడు నాన్న గొంతు, మైకుకు మరీ దగ్గరగా:

"తిరుగుతోందంట్రా?"